హృదయధ్వని – హృద్ధమనీ రోగపరీక్ష

(వార్షిక మహాసభ రెండవనాటి ప్రాతఃకాల సమావేశమున చదువబడిన యుపన్యాసము)



విద్యానిధి, విద్యార్థి వసతిగృహము, వివాహములయందలి దుర్వ్యయము మొదలగు విషయములను గూర్చి నిన్నటినుండి పెద్దలు ప్రసంగించుచున్నారు. నాకు కార్యదర్శిగారు వైద్యసంబంధమగు విషయ మొకదాని నప్పగించిరి. నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లకు పైగా బాలురకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతిగొన్న పంతులను. ఐనను ఈ పని నాకు వచ్చుటకు కారణము కలదు. రాబోవు సంవత్సరమున సంఘము పక్షమున ఉచిత హృదయపరీక్షా శిబిరమును జరుపవలెననియు, గుండెచప్పుడు విని రక్తనాళములలోని యడ్డంకిని కనిపెట్టు నూతనయంత్రమును దాతల సాయమున కొనవలెననియు కార్యవర్గమున నొక ప్రతిపాదన వచ్చినది. ఆ యంత్ర మేమి చేయగలదో, ఏమి చేయజాలదో గ్రంథములు చూచి, తెలిసిన వైద్యుల నడిగి, సభవారికి విన్నవింపుమని వారి యాజ్ఞ. దాతల ధనమును బంధువుల ప్రాణములును రెండును ఇందు చేరియున్నవి గనుక తూచి మాటలాడుట నా విధి.

హృదయము పిడికిలంత కండరము. నిమిషమునకు సుమారు 72 మారులు, దినమునకు లక్షకు పైగా మారులు ముడుచుకొని విచ్చుకొనుచుండును. బృహదారణ్యకోపనిషత్తు హృదయశబ్దమును మూడక్షరములుగా విడదీసి, తెచ్చుట, ఇచ్చుట, పోవుట అను మూడర్థములు చెప్పినది. ఆ నిర్వచన మాధ్యాత్మికమైనది. రక్తము శరీరమంతట తిరిగి మరల హృదయమునకే చేరునని విలియం హార్వీ అను ఆంగ్లవైద్యుడు 1628లో నిరూపించెను. అంతయు మన పూర్వులకు ముందే తెలియునని చెప్పుట నా యుద్దేశము గాదు. తెచ్చుట, ఇచ్చుట, పోవుట అను మాటలు హృదయవ్యాపారమును జ్ఞాపకముంచుకొనుటకు బాలురకు మిక్కిలి యనుకూలమని మాత్రమే మనవి.

గుండె కొట్టుకొనుచున్నదని మనమందుము. నిజమునకు మనకు వినబడునది ప్రధానముగా తలుపులు మూసికొను చప్పుడు. హృదయమున నాలుగు కవాటములు కలవు. పైగదులకును క్రిందిగదులకును నడుమనున్న కవాటములు మూసికొనునపుడు మొదటి ధ్వని పుట్టును. రక్తము బయటికి పోవు మహానాళముల ముఖమున నున్న కవాటములు మూసికొనునపుడు రెండవ ధ్వని పుట్టును. మొదటిదానికిని రెండవదానికిని నడిమి కాలము సంకోచకాలము. రెండవదానికిని మరల మొదటిదానికిని నడిమి కాలము వికాసకాలము. ఆరోగ్యవంతుని హృదయమున ఈ రెండు విరామములును దాదాపు నిశ్శబ్దముగా నుండును. యోగశాస్త్రజ్ఞులు హృదయస్థానమందలి చక్రమునకు అనాహతమని పేరిడిరి. తాకిడి లేక పుట్టు నాదమని దాని యర్థము. వైద్యుడు చెవినిడి వినునది మాత్రము అచ్చమైన యాహతనాదమే.

రోగిదేహమునుండి వచ్చు ధ్వనులను వినుట మన వైద్యమునకు క్రొత్తగాదు. ప్రేవుల కూతయు, కీళ్ల చిటపటయు, స్వరభేదములును చెవిచే తెలిసికొనదగినవని చరకుడు విమానస్థానమున చెప్పెను. నురుగుతో గూడిన రక్తమును వెలికి ద్రోయుచు గాలి చప్పుడుతో వచ్చుటను సుశ్రుతుడును శ్రోత్రేంద్రియమున కుదాహరణముగా నిచ్చెను. ఐనను ధ్వనిని వినుటకు సాధనము కల్పించిన కీర్తి ఫ్రాన్సు దేశపు వైద్యుడగు రెనె లెనెక్‌కు చెల్లినది. 1816లో పారిస్ నగరమందలి నెకర్ వైద్యశాలలో ఒక యువతి రొమ్ముపై చెవినిడుటకు సంకోచించి, ఆయన కాగితమును గొట్టముగా చుట్టి, ఒక కొన నామె రొమ్మునను రెండవ కొన తన చెవినిని ఉంచెను. చెవి నానించినప్పటికంటె ధ్వని స్పష్టముగా వినబడెను. పిమ్మట కొయ్యగొట్టమును తయారుచేసి, 1819లో తన గ్రంథమును ప్రకటించెను. నేటి స్టెతస్కోపున కదియే మూలము.

కవాటము సరిగా మూయకపోయినను, సరిగా తెరువకపోయినను, విరామకాలమున బుసకొట్టినట్టి చప్పుడు వినబడును. దానిని వైద్యులు మర్మర మందురు. ఇంగ్లీషువారి మాటయు నించుమించుగా నిదియే. అమరకోశమున వస్త్రములయొక్కయు ఆకులయొక్కయు సవ్వడికి మర్మరమని పేరు. కవాటములకు సంబంధించిన మర్మరములను నేర్పుగల వైద్యుడు చెవితోనే గుర్తింపగలడు. మనము విచారింపవలసిన రోగము కవాటములది గాదు, హృదయమునకు తిండి పెట్టు నాళములది. అక్కడనే చిక్కు గలదు.

హృదయము తన గదులలో నిండియున్న రక్తమునుండి తన యాహారమును తాను గ్రహింపదు. కోశాధికారి తన చేతినుండియే రాశులుగా ధనము పోవుచున్నను, తన జీతమును మాత్రము అందరితో పాటు వరుసలో నిలిచి పుచ్చుకొనునట్లు, హృదయమును తన భాగమును బృహద్ధమని మొదట పుట్టిన రెండు చిన్న ధమనులగుండ గ్రహించును. అవి హృదయమును కిరీటమువలె చుట్టియుండుటచే, లాటిను భాషలో కిరీటవాచకమగు మాటనుబట్టి, వానికి కరోనరీ ధమనులని పేరు వచ్చినది. మనము హృద్ధమను లందము. వాని వ్యాసము మొదట మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. కాలక్రమమున వీని లోపలి గోడలలో క్రొవ్వును సున్నమును చేరి గారకట్టును. దారి యిరుకగును. నడచునపుడు, మెట్లెక్కునపుడు హృదయకండరమునకు చాలినంత రక్త మందదు. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు నొప్పి కలుగును. ఈ నొప్పి లక్షణములను విలియం హెబెర్డెన్ 1768లో లండను వైద్యసభలో వర్ణించెను.

ఇరుకైన నాళము చప్పుడు చేయునా? గోదావరి కాలువలు చూచినవారి కీ ప్రశ్న కష్టముగాదు. కాలువ నిండుగా పారుచున్నపుడు గట్టుమీద నడచువానికి నీటిచప్పుడు వినబడదు. లాకు దగ్గర తలుపుల సందునుండి నీరు దూకునపుడు మాత్రము హోరు వినబడును. నీరదియే, దారి సన్నగిల్లినది. లెక్కయు సులభమే. నాళపు వ్యాసము సగమైనచో వైశాల్యము నాలుగవ వంతగును. అంతే రక్తము ఆ చోట పోవలెనన్న వేగము నాలుగింతలు కావలయును. వ్యాసము నూటికి 70 పాళ్లు తగ్గినచో మిగులు వైశాల్యము నూటికి 9 పాళ్లు మాత్రమే. అట్టి యిరుకునుండి వెలువడిన రక్తము సుడులు తిరుగును. సుడులు నాళపు గోడను కంపింపజేయును. ఆ కంపము రొమ్ము వరకు ధ్వనియై వచ్చును.

ఇంకొక విశేషము గలదు. సంకోచకాలమున హృదయకండరము బిగియుటచే దానిలోని సన్ననాళములు నలిగిపోవును. అందుచే ఎడమ హృద్ధమనిలో రక్తప్రవాహము ముఖ్యముగా వికాసకాలముననే జరుగును. ఇది మన యదృష్టము. కవాటములు మూసికొని ఇల్లు సద్దుమణిగినపుడే ఈ సన్నధ్వని పుట్టుచున్నది. బడి విడిచిన పిమ్మట గోడగడియారపు చప్పుడు వినబడునట్లు, రెండవ ధ్వని గడచిన పిదప దానిని వెదకవలయును.

1967లో అమెరికాదేశమున విలియం డాక్, శామ్యూల్ జోనరైక్ అను వైద్యులు ఇరుకైన హృద్ధమనినుండి పుట్టిన వికాసకాల మర్మరమును స్టెతస్కోపుతో విని ప్రకటించిరి. ఐనను చెవికి చిక్కినది మిక్కిలి యరుదు. ఆ ధ్వని కవాటధ్వనులకంటె అనేక రెట్లు బలహీనము. ఊపిరి చప్పుడు, కడుపులోని కూత, రొమ్ముమీది వెండ్రుకల రాపిడి, గదిలోని పంకా, వీనిలో నేదైనను దానిని మ్రింగివేయును.

ఇచ్చట నా సహోపాధ్యాయు నొకని సంగతి చెప్పవలసియున్నది. ఏబదియైదేండ్ల వాడు. వేగముగా నడచినపుడు రొమ్ము పట్టుచున్నదని వైద్యునికి చూపుకొనెను. వైద్యుడు స్టెతస్కోపుతో విని, ధ్వనులు సరిగా నున్నవి గాని నడకపరీక్షకు పెద్దవైద్యశాలకు పొమ్మనెను. మా మిత్రుడు మొదటిమాటను పట్టుకొని రెండవదానిని విడిచెను. గుండె బాగున్నదట, ఇది గ్యాసేయని అందరికిని చెప్పెను. మూడుమాసములు తిరుగకయే గుండెపోటున పోయెను. వైద్యుడు విన్నది నిజమే. ఆతని కవాటములు సరిగానే యుండెను. ధమనులు నోరు విప్పి చెప్పలేదు. స్టెతస్కోపుతో వినుట వేరు, హృద్ధమనులు బాగున్నవనుట వేరు. విశ్రాంతిగా పండుకొని తీయించిన ఇ.సి.జి. విషయమును నట్టిదే. అది సరిగా నున్నంతమాత్రమున ధమనులు నిర్మలముగా నున్నవని నమ్మరాదు.

చెవి చేయలేని పనిని యంత్రముచే చేయింప బూనినవారిలో న్యూజెర్సీయందలి రట్గర్స్ విశ్వవిద్యాలయమువారు ముఖ్యులు. జాన్ సెమ్లో, వాల్టర్ వెల్కోవిట్జ్ మొదలగువారు 1983లో వికాసకాలధ్వనులకును హృద్ధమనుల యిరుకునకును గల సంబంధమును ప్రకటించిరి. తరువాత వారిలో మెటిన్ అకాయ్ మొదలగువారు, బెలూనుతో ధమనిని విప్పుటకు ముందును, విప్పిన పిదపను అదే రోగి ధ్వనులను పోల్చి చూచిరి. దారి విప్పిన పిదప ఉచ్చస్థాయి ధ్వనిబలము తగ్గుట కనబడెను. అడ్డంకికిని చప్పుడునకును కార్యకారణసంబంధము కలదనుట కిది మంచి నిదర్శనము. డెన్మార్కు దేశమున ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయమున శామ్యూల్ ష్మిట్, యోహనెస్ స్ట్రూయిక్ అనువారు ఈ పరిశోధనను సాగించిరి. నీచస్థాయి ధ్వనులలోను రోగచిహ్నములు గలవని వారి కృషివలన తేలినది. దాని ఫలముగా అకారిక్స్ అను సంస్థ క్యాడ్‌స్కోర్ అను యంత్రమును నిర్మించినది. అమెరికా ప్రభుత్వపు ఔషధాధికార శాఖ దాని నమ్మకమునకు 2020 నవంబరులో అనుమతి నిచ్చినది.

ఆ యంత్రము పనిచేయు విధమిది. రోగిని వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము ఎముక కెడమప్రక్కను, నాలుగవ ప్రక్కటెముకల సందున, సున్నితమగు మైక్రోఫోను గల చిన్నబిళ్లను అంటింతురు. కొలది నిమిషములు ధ్వనులు నమోదగును. నడుమ నడుమ కొన్ని సెకనులు ఊపిరి బిగబట్టుమందురు. కంప్యూటరు ఒక్కొక్క స్పందనమును విడదీసి, వికాసకాలపు భాగములను ఏరి, రొదతో గూడినవానిని త్రోసివేసి, మిగిలినవానిని కలిపి పరిశీలించును. ఒక్క స్పందనమున చిక్కని ధ్వని అనేక స్పందనములను చేర్చి చూచినపుడు తలయెత్తును. వ్రాతప్రతులను పరిష్కరించువారి కిది పరిచితమైన పనియే. ఒక ప్రతిలో చెడిన యక్షరమును పది ప్రతులు చూచి నిర్ణయించుట లేదా? తుదకు ధ్వనిలక్షణములతో పాటు రోగి వయస్సును, స్త్రీపురుషభేదమును, రక్తపుపోటును గూడ లెక్కకు దీసికొని యంత్ర మొక యంకె నిచ్చును. 20గాని అంతకు తక్కువగాని యైనచో రోగసంభవము స్వల్పమని తాత్పర్యము. సూదిపోటు లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు, మందు ఎక్కింపవలసిన పని లేదు. ఇవి గొప్ప సుగుణములు.

ఇక ప్రమాణమును విచారింతము. డెన్మార్కున రొమ్మునొప్పి మొదలగు లక్షణములచే అనుమానింపబడిన 1,675 మందికి ఈ పరీక్షయు, సి.టి. యంత్రముతో ధమనుల చిత్రమును, అవసరమైనవారికి గొట్టము పంపి చేయు యాంజియోగ్రామును చేసి పోల్చి, ఫలితములను 2018లో ప్రకటించిరి. రోగము గలవారిలో నూటికి 81 మందిని యంత్రము పట్టినది. రోగము లేనివారిలో నూటికి 53 మందిని లేదని సరిగా చెప్పినది. ఈ రెండంకెలను వట్టిగా విన్నచో ఏమియు బోధపడదు. బడిలెక్కగా చేసి చూతము.

వేయిమంది వచ్చిరనుకొనుడు. వారిలో నూరుగురికి నిజముగా రోగము కలదు. తొమ్మిదినూర్లమందికి లేదు. నూరుగురిలో 81 మందిని యంత్రము పట్టును, 19 మందిని విడుచును. తొమ్మిదినూర్లలో 477 మందిని లేదని సరిగా చెప్పును, 423 మందిని ఉన్నదేమోయని యూరకే భయపెట్టును. అనగా భయము లేదనిపించుకొన్నవారు 496 మంది. వారిలో 477 మంది నిశ్చింతగా నుండదగినవారే, 19 మంది మోసపోయినవారు. అనుమానమనిపించుకొన్నవారు 504 మంది. వారిలో నిజరోగులు 81 మందియే. కావున ఈ యంత్రము లేదనినచో నూటికి 96 పాళ్లు నమ్మవచ్చును. ఉన్నదనినచో నూటికి 16 పాళ్లు మాత్రమే. రోగమును స్థాపించుటకు గాక, అనవసరముగా పెద్దపరీక్షలకు పోవువారి సంఖ్యను తగ్గించుటకు వైద్యుని చేతిలో సహాయకారిగా ఇది పుట్టినది. దీనిని మరువరాదు.

మరియొక సంగతి అంతకంటె ముఖ్యము. నిశ్శబ్దము మూడు విధములు. ధమని నిర్మలముగా నుండుట మొదటిది. అడ్డంకి పూర్ణమై రక్తమే పోకుండుట రెండవది. లాకు తలుపులు గట్టిగా బిగించినచో హోరెక్కడిది? మూడవది మిక్కిలి మోసకారి. గార దారిని అంతగా నిరుకు చేయక గోడలో నణగియుండి, ఒకనాడు హఠాత్తుగా పగులును. దానిపై రక్తము గడ్డకట్టి నిమిషములలో దారిని మూయును. అనేకుల గుండెపోట్లు ఇట్టివే. పగులుటకు ముందు అట్టిదానికి చప్పు డుండకపోవచ్చును. కావున యంత్రము నేడు మంచి యంకె నిచ్చినదని పొగాకు మానక, పోటుమందు మ్రింగక యుండుట ప్రాణములతో జూదమాడుటయే. హఠాత్తుగా నొప్పి వచ్చి పడియున్నవానికి ఈ పరీక్ష తగదు. వానికి కావలసినది వైద్యశాల.

పై లెక్కలు డెన్మార్కువారివి. మన జనుల స్థితి వేరు. 52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో వెలువడినది. దానినుండి 2007లో తీసిన విశేషఫలితములనుబట్టి, భారతదేశము మొదలగు దక్షిణాసియా దేశములవారికి మొదటి గుండెపోటు సగటున 53వ యేట వచ్చుచున్నది. ఇతరదేశములవారికి సుమారు 59వ యేట. ఆరేండ్లు ముందు! కొమార్తె పెండ్లి, కుమారుని చదువు ఇంకను ముగియని వయస్సది. అదే పరిశోధన మంచిమాటయు చెప్పినది. పొగాకు, రక్తమందలి క్రొవ్వు, రక్తపుపోటు, మధుమేహము, నడుముక్రొవ్వు, మనోవ్యాకులత, పండ్లు కూరలు తక్కువగా తినుట, వ్యాయామలోపము, మద్యపానవిషయము అను తొమ్మిదింటితో గుండెపోట్లలో నూటికి 90 పాళ్లు ముడిపడియున్నవి. వీనిలో ననేకములు మన చేతిలోనివి. కొన్నిటిని కనుగొనుటకు పెద్దయంత్రము లక్కరలేదు. చేతికి కట్టు పట్టీయు, ఒక చుక్క రక్తమును, నడుముకు చుట్టు కొలతపట్టీయు చాలును.

పై హేతువులచే సభవారికి నేను చేయు విన్నపము లివి.

మొదటిది. శిబిరమున అందరికిని రక్తపుపోటు, చక్కెర, క్రొవ్వు పరీక్షలు చేయింపవలయును. దోషము కనబడినవారిని పేరుపేరున వ్రాసికొని, మూడుమాసములకు వారు మందు వాడుచున్నారో లేదో విచారించు బాధ్యతను ఒక్కొక్క గ్రామమున నొక్కొక్క యువకుడు వహింపవలయును. ఒకనాటి శిబిరముకంటె ఈ విచారణయే ప్రాణము.

రెండవది. ధ్వనియంత్రమును కొనదలచినచో శిబిరపు పందిరిలో నుంచరాదు. పందిరిలో రొద యెక్కువ, ధ్వని తక్కువ. లక్షణములు లేనివారిని వరుసగా పరుండబెట్టి అంకెలు పంచిపెట్టుటకు అది పరీక్షింపబడలేదు. హృద్రోగనిపుణుడు గల వైద్యశాలకు ఒప్పగించి, రొమ్మునొప్పి యనుమానమున వచ్చిన పేదలకు మాత్రమే వాడించవలయును. సంఘముద్ర వేసి గుండె బాగున్నదని యెవ్వరికిని పత్ర మీయరాదు. దాత పేరు యంత్రముపై చెక్కించుట యుచితమే గాని, ఆ పేరు చూచి యొకడు మోసపోయినచో దానధర్మమునకు మచ్చ.

మూడవది. ప్రతి గృహమునను ఈ మాటలు తెలియవలయును. రొమ్ము నడుమ బిగబట్టినట్లు నొప్పి, అది భుజమునకు, దవడకు, వీపునకు ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము కలిగినచో సోడా త్రాగి కూర్చుండరాదు. మధుమేహులకును, వృద్ధులకును, కొందరు స్త్రీలకును నొప్పి లేకయే ఆయాసముగాను, నీరసముగాను రావచ్చును. మన రాష్ట్రమున 2005లో ప్రారంభమైన 108 వాహనమును వెంటనే పిలువవలయును. ఆలస్యమైన కొలదియు హృదయకండరము చచ్చుచుండును. చచ్చినది మరల మొలవదు.

నాలుగవది దాతలకు. మన పిల్లలలో వైద్యము చదువువారు కలరు, ధ్వనిశాస్త్రమును గణితమును కంప్యూటరు విద్యను చదువువారును కలరు. వీరిద్దరిని ఒకచోట కూర్చి, రోగుల సమ్మతితో మన జనుల హృదయధ్వనులను శాస్త్రీయముగా నమోదు చేయించి, యాంజియోగ్రాములతో పోల్చి చూపు పరిశోధన కొక విద్యార్థివేతనము నేర్పాటుచేయుడు. డెన్మార్కువారి కొలత మనకు సరిపోవునో లేదో మన హృదయములే చెప్పవలయును. యంత్రము పదేండ్లకు పాతబడును. విద్య పాతబడదు.

వినుట గొప్ప విద్య. ధ్వనిని వినుటయందు యంత్రము మనలను మించుచున్నది. విన్నదాని హద్దు తెలిసికొనుట మాత్రము మనుష్యుని పని. చెప్పిన వైద్యుని రెండవమాటను గూడ వినుట, ఇంటిలో మెట్లెక్కుచు నాగి నిలిచిన తండ్రి నిట్టూర్పును వినుట, ఏ ధనవ్యయము లేక మనము నేటినుండియే చేయదగినది.  సర్వులకును దీర్ఘాయురారోగ్యములు కలుగుగాక!

స్వస్తి.